నోరులేని జీవుల న్యాయవాది

కృష్ణానదికి పశ్చిమంగా సముద్రతీరం వరకు పరచుకొన్న మాగాణి సీమలో తెనాలి, రేపల్లె, బాపట్ల ముఖ్యమైన పట్టణాలు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల నీరు ఈ ప్రాంతపు పల్లెలకు చేరింది. వానను నమ్ముకొని బ్రతికిన రైతులు రెండు చేతులా వరి పండించి, బిడ్డలను బడికి పంపగలిగే స్థితికి వచ్చారు. 1909లో తెనాలికి పురపాలక సంఘం ఏర్పడింది. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. 1916లో తెనాలి నుండి రేపల్లెకు రైలు నడిచింది. నాటకం, సంగీతం, పత్రిక, సభ ఈ గడ్డపై వేళ్ళూనుకొన్నాయి. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని ముచ్చటగా పిలుచుకొనే అలవాటు ఏర్పడింది.

అయితే కాలువ నీటితోపాటు రోగాలు కూడా వచ్చేవి. త్రాగునీరు, స్నానం, పశువులను కడగడం అన్నీ ఒకే కాలువలో, ఒకే చెరువులో జరిగేవి. ఒక ఊరిలో వాంతిభేదులు సోకితే వారం తిరగకుండా ఆ కాలువ వెంట ఉన్న ఊళ్ళన్నీ వణికిపోయేవి. మశూచికం వస్తే అమ్మవారు పోసిందనేవారు. రోగానికి కారణం తెలియని జనానికి గ్రామదేవత ఆగ్రహమే కారణమని తోచింది. ఆ ఆగ్రహాన్ని చల్లార్చడానికి గంగానమ్మ కొలుపులు జరిపేవారు.

కొలుపు అంటే ఊరంతా కలిసి చేసే పండుగ. వేపమండలు కట్టి, పసుపుకుంకుమలతో ఘటాన్ని అలంకరించి, డప్పుల మ్రోత నడుమ ఊరేగించేవారు. ఆడవారు పొంగలి వండి నైవేద్యం పెట్టేవారు. కోళ్ళను, మేకపోతులను, పొట్టేళ్ళను మ్రొక్కుబడిగా కోసేవారు. పెద్ద కొలుపులలో దున్నపోతును బలియిచ్చేవారు. నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిగా ఊరి పొలిమేరల వెంట చల్లితే రోగం ఊరు దాటి పోతుందని నమ్మేవారు. ఆనాడు మద్రాసు బిషప్పుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రచురించిన గ్రంథంలో తెలుగునాటి గ్రామదేవతల ఉత్సవాలను, వాటిలోని బలులను వివరంగా వర్ణించాడు.

ఈ ఆచారంలో స్త్రీల స్థానం విచిత్రమైనది. కొలుపు అందుకొనే దేవత స్త్రీ. ఘటం మోసేది, పొంగలి వండేది స్త్రీలు. బిడ్డ జ్వరపడితే కోడినో మేకనో మ్రొక్కుకొనేది తల్లి. ఆ మేకను పిల్లగా ఉన్నప్పటి నుండి ఆకు అలము పెట్టి పెంచినది కూడా చాలా ఇండ్లలో ఆమెయే. తన చేతి మేత తిన్న జీవాన్ని తన భయం కోసం తానే అప్పగించవలసి రావడం ఆమె పాలబడిన కష్టం. కత్తి మాత్రం ఆమె చేతిలో ఉండేది కాదు. ఏ జీవం ఎప్పుడు తెగాలో నిర్ణయించే అధికారం ఊరిపెద్దలది, పూజారులది. భయం ఆమెది, ప్రాణం మూగజీవానిది, అధికారం ఇతరులది.

ఈ ఆచారాన్ని తెనాలి పట్టణంలో అడ్డుకొన్న మనిషి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. ఆయన కవి, నాటకకర్త, న్యాయవాది, హేతువాది. తెలుగువారికి ఆయన పురాణాలను ప్రశ్నించిన రచయితగా ఎక్కువగా తెలుసు. ఒక పట్టణానికి పెద్దగా ఉండి బలిపీఠం మీది జీవానికి అండగా నిలిచిన పాలకునిగా కూడా ఆయనను తెలుసుకోవలసి ఉన్నది.

రామస్వామి 1887 జనవరి 15వ తేదీన కృష్ణాజిల్లా అంగలూరు గ్రామంలో ఒక రైతుకుటుంబంలో జన్మించారు. తండ్రి చలమయ్య, తల్లి రామమాంబ. పల్లెటూరి సేద్యపు ఇంటిలో ఎద్దు, గేదె, దూడ కుటుంబంలోని వారివలె పెరిగే రోజులవి. ఆయన చదువు ఆలస్యంగా సాగింది. ఇరవై మూడవ ఏట మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నారు. అప్పటికే పల్నాటి వీరచరిత్ర ఆధారంగా కారెంపూడి కథనాన్ని, భారతయుద్ధం ఆధారంగా కురుక్షేత్ర సంగ్రామాన్ని రచించారు. 1911లో బందరు నోబుల్ కళాశాలలో ఇంటర్మీడియట్‌లో చేరారు. తనకంటె ఆరేడేండ్లు చిన్నవారి ప్రక్కన కూర్చొని చదవడానికి ఆయన సిగ్గుపడలేదు. అక్కడ ఉండగానే అవధానాలు చేసి సాహితీపరుల మెప్పు పొందారు.

1914లో ఆయన న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. అక్కడ న్యాయశాస్త్రంతోపాటు ఆంగ్ల సాహిత్యాన్ని, ఆధునిక ఐరోపా భావాలను అధ్యయనం చేశారు. ఆ సంవత్సరాలలో ప్రపంచయుద్ధం సాగుతున్నది. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్ వీధులలోనే ఐరిష్ ప్రజలు ఆంగ్లేయ ప్రభుత్వంపై తిరుగుబాటు చేశారు. స్త్రీలు ఓటుహక్కు కోసం పోరాడుతున్నారు. పరాయి పాలనలో ఉన్న ఒక జాతి తన హక్కులను ఎట్లా అడుగుతుందో ఆయన ప్రత్యక్షంగా చూశారు. అక్కడి నుండి కృష్ణాపత్రికకు లేఖలు వ్రాసి, అనిబిసెంటు హోంరూల్ ఉద్యమాన్ని బలపరచవలసిందిగా తెలుగువారిని కోరారు.

ఐర్లండుకు మూగజీవుల చరిత్రలో ఒక ప్రత్యేకమైన స్థానం ఉన్నది. పశువులను హింసించడం శిక్షింపదగిన నేరమని 1822లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టానికి కారకుడు ఐర్లండు వాడైన రిచర్డ్ మార్టిన్. అదే 1822లో డబ్లిన్ నగరంలో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అనే రచయిత్రి జన్మించింది. జీవించి ఉన్న జంతువులను కోసి ప్రయోగాలు చేయడాన్ని వ్యతిరేకిస్తూ ఆమె 1875లో లండన్‌లో ఒక సంఘాన్ని స్థాపించింది. భర్తల చేతిలో దెబ్బలు తినే భార్యల దుఃస్థితిని గురించి 1878లో వ్యాసం వ్రాసింది. హింసించే భర్త నుండి భార్య విడిగా బ్రతకడానికి వీలు కల్పించే చట్టం అదే సంవత్సరం రావడానికి ఆ వ్యాసం తోడ్పడింది. ఇంటిలోని స్త్రీకీ, ప్రయోగశాలలోని కుక్కకూ ఒకే మనిషి అండగా నిలవడం ఆనాటి వారిలో కొందరికి వింతగా తోచింది. కాని ఆమె దృష్టిలో ఆ రెండూ ఒకే ప్రశ్నకు రెండు రూపాలు. బలమున్నవాడు తన సుఖం కోసం బలహీనుని శరీరాన్ని వాడుకోవచ్చునా అన్నదే ఆ ప్రశ్న. దాదాపు అర్ధశతాబ్దం తరువాత తెనాలిలో రామస్వామి తనదైన మార్గంలో అటువంటి ప్రశ్నకే వచ్చారు.

1917లో స్వదేశానికి తిరిగివచ్చి ఆయన కొంతకాలం బందరులో న్యాయవాదిగా పనిచేశారు. పిమ్మట తెనాలిలో స్థిరపడ్డారు. అక్కడి తన నివాసానికి సూతాశ్రమమని పేరు పెట్టారు. అది సాహిత్య చర్చలకు, సంఘసంస్కరణకు కేంద్రమైంది. క్రమంగా న్యాయస్థానం కంటె సమాజమే ఆయన వాదించే వేదిక అయింది. అంటరానివారని సంఘం దూరంగా ఉంచిన వారిని ఆయన తన ఇంటిలో వంటవారిగా, పరిచారకులుగా నియమించుకొన్నారు. ఇతరులకు చెప్పిన మాటను మొదట తన గడపలోపల ఆచరించి చూపారు.

ఆయన రచనలన్నింటిలోనూ ఒక న్యాయవాది కనిపిస్తాడు. 1920లో వెలువడిన శంబుకవధ నాటకంలో తపస్సు చేసినందుకు ప్రాణం కోల్పోయిన శూద్రుని పక్షాన నిలిచారు. 1935లో వచ్చిన ఖూనీ నాటకంలో ఋషుల చేతిలో మరణించిన వేనుని కథను మరల విచారణకు తెచ్చారు. సూతపురాణంలో పురాణగాథలను ఒక్కొక్కటిగా తీసుకొని హేతువు ముందు నిలబెట్టారు. పురాణకథ గెలిచినవాని వైపు నుండి చెప్పబడుతుంది. రామస్వామి ఓడినవాని వైపు నుండి, చంపబడినవాని వైపు నుండి ఆ కథను చదివారు. శిక్ష ఎవరి మీద పడింది, వారు చేసిన తప్పేమిటి, వారి మాట ఎవరైనా విన్నారా అని ప్రశ్నించారు. ఈ ప్రశ్నలను పుస్తకాలకు మాత్రమే పరిమితం చేయకపోవడంలో ఆయన గొప్పతనం ఉన్నది.

1925లో రామస్వామి తెనాలి పురపాలక సంఘానికి అధ్యక్షులుగా ఎన్నికైనారు. వీధులు, మురుగుకాలువలు, త్రాగునీరు, దీపాలు, టీకాలు వేయించడం వంటి పనులు పురపాలక సంఘాల బాధ్యత. పట్టణాభివృద్ధికి ఆయన ఎంతగానో కృషి చేశారు. ఆ పదవిలో ఉండగానే తెనాలిలో గంగానమ్మ కొలుపులలో జరిగే జంతుబలిని నిషేధించారు.

ఈ నిర్ణయం ఎంత కష్టమైనదో గ్రహించాలంటే ఆనాటి పట్టణాన్ని ఊహించుకోవాలి. తెనాలిలో గంగానమ్మపేట అనే పేట దేవత పేరుతోనే వెలసింది. ఏండ్ల తరబడి సాగుతున్న కొలుపును ఆపితే అమ్మవారు ఊరిమీద విరుచుకుపడుతుందన్న భయం జనంలో ఉండేది. ఒకవేళ ఆ సంవత్సరం ఏ వ్యాధియైనా ప్రబలితే దాని నింద అధ్యక్షుని నెత్తిన పడుతుంది. ఎన్నికైన నాయకునికి ప్రజల కోపం ప్రమాదకరం. మేకలకు, దున్నలకు ఓటు లేదు. బలియిచ్చేవారికి ఓటు ఉన్నది. ఏ ప్రయోజనాన్నీ తిరిగి ఇవ్వలేని జీవుల కోసం ఒక రాజకీయ నాయకుడు తన పదవిని పణంగా పెట్టడం అరుదైన విషయం.

నిషేధాన్ని తొలగించాలని ప్రజల నుండి ఒత్తిడి వచ్చింది. ఆయన లొంగలేదు. తన మాటను నెగ్గించుకొన్నారు. పురపాలక రాజకీయాలలో ఆయనకు ఎదురుదెబ్బలు తప్పలేదు. అవిశ్వాస తీర్మానం వలన కొంతకాలం పదవిని కోల్పోయారు. అయినా తెనాలి ప్రజలు ఆయనను వదులుకోలేదు. ఆ స్వల్పకాలం తప్ప 1938 వరకు ఆయన అధ్యక్షులుగా కొనసాగారు. దేవతకు కోపం తెప్పించాడని అపవాదు పడదగిన మనిషిని అదే పట్టణం మరల గద్దెనెక్కించింది. నమ్మకాన్ని ఎదిరించిన నాయకుని ప్రజలు తాత్కాలికంగా దూషించినా, అతని నిజాయితీని కాలక్రమంలో గుర్తిస్తారనడానికి ఇది నిదర్శనం.

బలిని ఆపడంతోనే పాలకుని బాధ్యత తీరదు. బలియిచ్చేవారి వెనుక నిజమైన భయం ఉన్నది. ఆ భయానికి కారణమైన రోగాన్ని తొలగించాలి. వాంతిభేదులు కలుషితమైన నీటి ద్వారా వ్యాపిస్తాయని శాస్త్రజ్ఞులు అప్పటికే నిరూపించారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ ఆ వ్యాధి క్రిమిని ఈజిప్టులోను, కలకత్తాలోను పరిశోధించి 1884లో వివరించాడు. మశూచికానికి టీకా ఉన్నది. శుభ్రమైన నీరు, పారుదల ఉన్న మురుగుకాలువ, సకాలంలో వేసిన టీకా చేయగలిగిన మేలును పొలిమేరలో చల్లిన నెత్తురు చేయలేదు. చివరకు మశూచికం భారతదేశం నుండి 1975లోను, ప్రపంచం నుండి 1980 నాటికీ తొలగిపోయింది. దానిని తొలగించినది ఏ బలీ కాదు, ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసిన ఆరోగ్యకార్యకర్తల శ్రమ. అయితే ఆ టీకామందును ఆ రోజులలో దూడల చర్మం మీద తయారుచేసేవారన్నది కూడా మరువరాదు. విజ్ఞానం కూడా మూగజీవులకు ఋణపడి ఉన్నది. అవసరమెంత, బాధ ఎంత అని తూచి చూడవలసిన బాధ్యత హేతువాదికి మరింత ఎక్కువ.

బలిని నిరసించడం ఈ ప్రాంతానికి పరాయి భావం కాదు. తెనాలి నుండి రేపల్లెకు పోయే దారిలో భట్టిప్రోలు ఉన్నది. అక్కడి ప్రాచీన బౌద్ధస్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే జరిపిన త్రవ్వకాలలో ధాతుకరండాలు, క్రీస్తుపూర్వపు బ్రాహ్మీలిపి శాసనాలు బయటపడ్డాయి. అశోక చక్రవర్తి తన మొదటి శిలాశాసనంలో జీవులను చంపి యాగాలు చేయరాదని ప్రకటించాడు. ఆ శాసనం తెలుగునేలపై కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండలపై కూడా చెక్కబడి ఉన్నది. జీవకారుణ్యం ఈ డెల్టా మట్టిలో రెండువేల ఏండ్లకు పూర్వమే నాటుకొన్న విత్తనం. మధ్యకాలంలో దానిపై పొరలు కమ్ముకొన్నాయి. రామస్వామి చేసిన పని ఒకవిధంగా ఆ పొరలను తొలగించడమే.

జీవుల పట్ల ఆయన చూపిన న్యాయదృష్టి స్త్రీల విషయంలోనూ కనిపిస్తుంది. పెండ్లి అనేది వధూవరుల జీవితాలను ముడివేసే ఒప్పందం. కాని ఆ ఒప్పందంలోని మాటలు వారిద్దరికీ అర్థం కాని సంస్కృతంలో ఉండేవి. ఏమి ప్రమాణం చేస్తున్నారో తెలియకుండానే ప్రమాణం చేసేవారు. రామస్వామి వివాహవిధి పేరుతో తేట తెలుగులో వివాహపద్ధతిని రూపొందించారు. తానే పౌరోహిత్యం వహించి అనేక వివాహాలు జరిపించారు. వాటిలో కులాంతర వివాహాలు కూడా ఉన్నాయి. తెలుగులో జరిగిన పెండ్లిలో వధువు ప్రతిమాటను విని, అర్థం చేసుకొని, తన జీవితాన్ని గురించిన నిర్ణయంలో భాగస్వామి కాగలిగింది. న్యాయశాస్త్రం చదివిన వాడు కనుక, అర్థం కాని ఒప్పందానికి విలువ లేదని ఆయనకు బాగా తెలుసు.

ఇక్కడ ఒక విషయాన్ని ఆలోచించాలి. మన సంప్రదాయం దానాలను వరుసగా చెబుతుంది. గోదానం, భూదానం, సువర్ణదానం, వాటి సరసనే కన్యాదానం. ఆవును దానమిచ్చినప్పుడు ఆవు ఇష్టాన్ని ఎవరూ అడుగరు. చిన్నపిల్లను పెండ్లిపీటలపై కూర్చోబెట్టిన కాలంలో ఆమె ఇష్టాన్ని కూడా ఎవరూ అడుగలేదు. ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకొనేవాడు మరొకడు, నడుమ ఒక ప్రాణం. ఆవుకు నోరు లేదు. ఆడపిల్లకు నోరున్నా వినే చెవులు లేవు. పెండ్లికూతురికి తెలిసిన భాషలోనే పెండ్లి జరపడమంటే ఆమెను ఆ దానాల వరుస నుండి తప్పించి మనిషిగా నిలబెట్టడమే.

ఆయన ఒంటరిగా ఈ మార్గాన నడవలేదు. ఆయన బాల్యానికి ముందే, 1881లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతువివాహం జరిపించారు. 1920ల తొలినాళ్ళలో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో స్త్రీల విద్య కోసం శారదానికేతనాన్ని నెలకొల్పారు. తెనాలిలో బాల్యం గడిపిన గుడిపాటి వెంకటచలం 1927లో మైదానం నవలతో స్త్రీ స్వేచ్ఛను గురించి తెలుగుదేశమంతటా అలజడి రేపారు. 1929లో బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం వచ్చింది. ఈ కదలికలన్నింటి నడుమ రామస్వామి విశిష్టత ఏమిటంటే, పీడన ఎక్కడ కనిపించినా ఆయన దానిని ఒకే కొలబద్దతో కొలిచారు. శంబుకుడైనా, అర్థం కాని మంత్రాల నడుమ తలవంచిన వధువైనా, బలిపీఠం మీది మేకపోతైనా, ఆచారం పేరిట అన్యాయం జరిగితే అది అన్యాయమే.

ఆయన చేసిన పనిని గురించి భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. గ్రామదేవతల పూజ శ్రమజీవుల సంస్కృతి అనీ, చదువుకొన్నవారు పైనుండి నిషేధం విధించడం తగదనీ వాదించేవారు ఉన్నారు. ఈ వాదాన్ని తేలికగా త్రోసివేయరాదు. కొలుపు పేదలకు కలిసి భోజనం చేసే సందర్భం, భయాన్ని పంచుకొనే సందర్భం. అయితే రామస్వామి పేదల దేవతను మాత్రమే ప్రశ్నించి ఊరుకోలేదు. అంతకు ముందునుండీ పండితుల పురాణాలను మరింత తీవ్రంగా ప్రశ్నిస్తూ వచ్చారు. పైగా ఆయన ఆపినది బలిని మాత్రమే. మాంసాహారాన్ని ఆయన నిషేధించలేదు. కనుక నేటి జంతుహక్కుల సిద్ధాంతాన్ని ఆయనకు అంటగట్టడం సరికాదు. ఆనాటి పరిస్థితులలో ఒక అడుగు వేశారు. ఆ అడుగు ఎటువైపు పడిందన్నదే ముఖ్యం.

రామస్వామి 1943 జనవరి 16వ తేదీన, యాభై ఆరు సంవత్సరాలు నిండిన మరునాడు, కన్నుమూశారు. ఆయన కుమారుడు గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర వంటి నవలలతో తెలుగు సాహిత్యంలో సుస్థిరమైన స్థానం సంపాదించారు. 1987లో, శతజయంతి సంవత్సరంలో, భారత తపాలాశాఖ రామస్వామి స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీది తెలుగు ప్రముఖుల విగ్రహాలలో ఆయన విగ్రహానికి చోటు దక్కింది.

ఆయన ఒక పట్టణంలో చేసిన పనిని తరువాతి కాలంలో చట్టాలు విశాలమైన ప్రాంతానికి విస్తరింపజేశాయి. 1950లో మద్రాసు రాష్ట్రం దేవాలయాలలో జంతువులను, పక్షులను బలియివ్వడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పుడు ఆంధ్రప్రాంతం ఆ రాష్ట్రంలో భాగమే. రాజ్యసభలో నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ పట్టుదలతో చేసిన కృషి ఫలితంగా 1960లో జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. అయితే ఆ 1960 నాటి చట్టం మతాచారం ప్రకారం జరిగే వధను తన పరిధి నుండి మినహాయించింది. 1976లో రాజ్యాంగానికి చేసిన 42వ సవరణ ప్రాణికోటి పట్ల దయ కలిగి ఉండడాన్ని పౌరుల ప్రాథమిక విధులలో చేర్చింది. చట్టాలు ఉన్నా బలులు పూర్తిగా ఆగలేదు. సంక్రాంతికి కోళ్ళ కాళ్ళకు కత్తులు కట్టి పందెం వేసే అలవాటు కోస్తా జిల్లాలలో పోలేదు. చట్టం కత్తిని కొంతవరకు ఆపగలదు. మనసును మార్చడం చదువు చేయవలసిన పని.

స్త్రీవాదులలో కొందరు ఇటీవలి దశాబ్దాలలో ఈ విషయాన్ని మరింత లోతుగా చర్చించారు. అమెరికన్ రచయిత్రి కెరల్ ఆడమ్స్ 1990లో వెలువరించిన గ్రంథంలో స్త్రీ శరీరాన్ని, జంతుశరీరాన్ని సమాజం వాడుకోదగిన వస్తువులుగా చూసే దృష్టి ఒక్కటేనని వాదించింది. దీనిని గ్రహించడానికి మన పశువులకొట్టం చాలు. గేదెకు పెయ్య పుడితే ఇల్లు సంతోషిస్తుంది, అది రేపు పాలిస్తుంది గనుక. దున్నదూడ పుడితే దానిని పట్టించుకొనేవారు తక్కువ. ఒకప్పుడు కొలుపులో తెగినది ఆ దున్నపోతే. మనుషుల ఇంటిలో ఈ లెక్క తలక్రిందులైంది. మగబిడ్డ పుడితే పండుగ, ఆడబిడ్డ పుడితే విచారం. గర్భంలోని శిశువు ఆడో మగో పరీక్షించడాన్ని నిషేధించడానికి 1994లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. రెండు చోట్లా జరిగినది ఒక్కటే. ప్రాణానికి విలువ కట్టడానికి ప్రయోజనాన్ని కొలబద్దగా తీసుకొన్నారు. తనకు ఉపయోగపడని ప్రాణికి బ్రతికే అర్హత లేదని బలవంతుడు తీర్పు చెప్పాడు.

కవిరాజు జీవితం ఆ తీర్పును అంగీకరించలేదు. మాట్లాడలేని జీవి పక్షాన వాదించడానికి న్యాయశాస్త్ర పట్టా అవసరం లేదు. ఎదుటి ప్రాణికి కూడా నొప్పి ఉన్నదని గుర్తించగల మనసు, అందరూ ఒకవైపున ఉన్నప్పుడు రెండవవైపున నిలబడగల ధైర్యం ఉంటే చాలు. రామస్వామికి ఆ రెండూ ఉన్నాయి. నీటిలో రోగం ఉందని చెప్పి, నెత్తురులో మందు లేదని తేల్చి, తనకు దక్కిన అధికారాన్ని ఓటు లేని ప్రాణుల కోసం ఉపయోగించిన పురపాలకునిగా తెనాలి చరిత్రలో ఆయనకు చిరస్థాయియైన స్థానం ఉన్నది.